తలుపుకు మూడు సెకన్ల ముందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ కుర్చీకి ఆనుకుని కూర్చునేవారు కాదు. మా ముత్తాతగారి దివాణంలో పన్నెండుమంది సంగీత విద్వాంసులు కొలువు చేసేవారట. ఆయన రాగానే లేచి నిలబడేవారట. దివాణం పోయింది. లాస్ ఏంజెలెస్ శివారులో రెండు గదుల అపార్ట్‌మెంట్ మిగిలింది. కార్ల విడిభాగాల షాపులో పనిచేసే మా నాన్నగారు ఆ పన్నెండుమంది సంగతి నాకు తరచూ చెప్పేవారు.

పక్కింటి ఇంగ్లీషు అంకుల్ సినిమాలకు సంగీతం రాసేవారు. లండన్ నాటకశాలలో పియానో వాయిస్తుంటే ఎవరో విని అమెరికా పిలిపించారట. ముప్ఫై ఏళ్లు భయపెట్టే సినిమాలే చేశారు. ఇప్పుడు పిలుపులు తగ్గాయి. చేతిలో ఉన్నది ఒకే సినిమా. అది నిలబడితేనే మరొకటి వస్తుందని మా అమ్మతో అంటుంటే విన్నాను. నా లెక్కలో ఆయన కూడా కొలువు విద్వాంసుడే.

ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి ఆ సినిమాలో ఒక ముక్క చూపించారు. ఒకామె నడవాలో నడిచి తలుపు తీస్తుంది. లోపల ఖాళీ గది. శబ్దం లేదు. భయం వేయలేదన్నాను. మళ్లీ అదే ముక్క వేసి, స్టాప్‌వాచ్ నొక్కి, పియానో ఎడమ చివర కీ మీద వేలు మోపారు. ఆ మోత నేలలోంచి వస్తున్నట్టుంది. ఆమె తలుపు చేరడానికి మూడు సెకన్ల ముందు వేలు తీసేశారు. నేను ఊపిరి బిగబట్టాను.

“చూశావా, ఆపితేనే భయపడ్డావు,” అన్నారు.

అప్పుడే ఫోన్ మోగింది. ఆయన రెండుసార్లు ఓకే అని పెట్టేశారు. స్టాప్‌వాచ్ ఇంకా నడుస్తూనే ఉంది. నేను సెకన్లు లెక్కపెట్టాను.

“నా మ్యూజిక్ తీసేస్తున్నారు. ఇంకొకాయన చేత రాయించుకున్నారట.”

“మా ముత్తాతగారైతే అలా చేసేవారు కాదు, అంకుల్.”

“అలాగా? మరి మీ పన్నెండుమందీ ఇప్పుడెక్కడ, ప్రిన్సెస్?”

ఆయన ముక్కను మళ్లీ మొదటికి తిప్పి, స్టాప్‌వాచ్ చూసుకుంటూ, ఇక ఎవరూ వినబోని ఆ సంగీతాన్ని వాయించారు. సరిగ్గా మూడు సెకన్ల ముందే ఆపారు. తలుపు తెరుచుకునేలోగా నేను కళ్లు మూసుకున్నాను.

ఆ సాయంత్రం నాన్నగారు షాపు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీస్తున్నారు. ఆ పన్నెండుమందీ ఏమయ్యారని అడిగాను. కూనిరాగం ఆగింది.

“మీ ముత్తాతగారే మాన్పించారమ్మా.”

“వాళ్లకు ఎవరు చెప్పారు?”

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. మాడు వాసన వచ్చాక తీశారు.

“ఎవరూ చెప్పలేదు. వాళ్లు వచ్చేసరికి తలుపు వేసి ఉంది.”

నేను ఇప్పటికీ కుర్చీకి ఆనుకోను. మనవరాలు దివాణం గురించి అడిగితే మాత్రం, వాయిద్యాలు పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడ్డ పన్నెండుమందితోనే మొదలుపెడతాను. తర్వాత మూడు సెకన్లు ఏమీ మాట్లాడను.