జోకొట్టే చెయ్యి

ఎక్కడెక్కడి దేశాల పాటలనో వెతికి పట్టుకుని, కనిపించినవాళ్ళందరికీ వినిపించడం నాకున్న పిచ్చి. ఆ రోజు అచ్చంపేట నుంచి నాగర్‌కర్నూల్ వెళ్ళే బస్సులో, పక్క సీటులో ఒళ్ళో బట్టల మూటతో కూర్చున్న ఒక నడివయసు ఆమె, "ఏం ఇంటున్నవ్ బిడ్డా?" అని అడిగింది. వెంటనే ఒక ఇయర్‌ఫోన్ ఆమెకిచ్చాను.

గిటారు కలిపి కొత్తగా పాడిన ఆఫ్రికా పాట అది. భాష నాకూ తెలియదు.

కాసేపు విని, "ఈమెకు ఎవరు పోయిండ్రు?" అంది.

"ఎవరూ పోలేదమ్మా. ఇది జోలపాట, ఇక్కడ రాసుంది," అన్నాను నవ్వుతూ.

"జోలపాటనే. కాని ఒళ్ళె పిల్ల లేదు. పిల్లుంటే జోకొడతది గద. చెయ్యి పడ్డప్పుడల్లా గొంతు జర ఊగుతది. ఈమెకు ఊగుతలేదు."

స్టూడియోలో పాడేవాళ్ళ ఒళ్ళో పిల్లలెందుకుంటారని చెప్పబోయి, ఆమె వైపు తిరిగాను. ఆమె చెయ్యి మూట మీద మెల్లగా జోకొడుతోంది.

"మల్ల పెట్టు," అంది.

నాగర్‌కర్నూల్ దాకా ఆ ఒక్క పాటే పెట్టాను. దిగేముందు ఇయర్‌ఫోన్‌ను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

ఆ పాటను మాత్రం ఇంతవరకూ ఇంకెవరికీ వినిపించలేదు.