నక్షత్రం తీసేసిన భుజం

ఎలిహు బ్రాక్‌వే ఇరవై ఎనిమిదేళ్లకే జనరల్ అయ్యాడు. వెర్మాంట్‌లో పీపాలు చేసేవాడి కొడుకు. అమెరికాలో ఉత్తరాదీ దక్షిణాదీ కొట్టుకున్న ఆ నాలుగేళ్లలో పైవాళ్లు ఒక్కొక్కరే కూలిపోతుంటే, ఇతను పైకి వెళ్లాడు. రెండువేల మంది అతని మాట మీద నడిచారు. యుద్ధం ముగియగానే ఆ హోదా తాత్కాలికమన్నారు. భుజం మీది నక్షత్రం తీసేసి, కెప్టెన్‌ని చేసి, అరిజోనా ఎడారిలో ఓ కోటకి పంపారు. చేతికింద నలభై ముగ్గురు. మర్యాదకి మాత్రం అందరూ "జనరల్ గారూ" అనేవాళ్లు. ఆ పిలుపు వింటే అతనికి ఒళ్లు మండేది.

పైవాడు పోతేనో, దిగిపోతేనో తప్ప కింది కెప్టెన్ ఓ మెట్టెక్కి మేజరు కాలేడు. ఏటా అధికారుల జాబితా వచ్చేది. భార్య తబితా చిక్కుళ్లు వడ్డిస్తూ అడిగేది.

"ఈ ఏడు ఎవరైనా పోయారా?"

"ఇద్దరు."

"ఇద్దరేనా!" అని ఓసారి నాలిక్కరుచుకుంది. "ఛీ, ఏం మాటొచ్చింది నా నోట! వాళ్లకీ పెళ్లాం పిల్లలుంటారు కదండీ."

ఆ వేసవిలోనే వాళ్ల కొడుకు ఎడ్మండ్ జ్వరంతో పోయాడు. నాలుగేళ్లవాడు. కోట డాక్టరు గస్తీ దళంతో కొండల్లో ఉన్నాడు.

ఎలిహు కోటకొచ్చిన ఇరవయ్యో ఏట కొత్త కల్నల్ వచ్చాడు. యుద్ధంలో ఎలిహు కింద లెఫ్టినెంటుగా ఉన్నవాడే; మామగారు సెనేటరు.

"కెప్టెన్, మీవాళ్ల బొత్తాలు మసిపట్టున్నాయి. కనబడ్డంలేదా?" అని వరసలో అందరి ముందూ అరిచాడు.

"కనబడ్డంలేదు సార్."

వెటకారం కాదు, నిజం. ఎండా ఇసుకా కలిసి కళ్లు తినేశాయి. డాక్టర్లు చూసి పనికిరాడని రాశారు. కెప్టెన్‌గానే ఇంటికి పొమ్మన్నారు.

"ఇంకొక్క నెల ఆగితే బాగుండేదండీ జనరల్ గారూ," అన్నాడు సార్జెంట్ డూలన్, పెట్టెలు బండికెక్కిస్తూ. "జాబితాలో మీ పైనున్న ముసలాయన మంచం పట్టాడంట."

"నన్నలా పిలవకు, డూలన్."

బయల్దేరేముందు భార్యాభర్తలిద్దరూ కోట శ్మశానానికి వెళ్లారు. సమాధుల దగ్గర పాతిన చెక్కల మీద పేర్లన్నీ ఎండకి చెరిగిపోయాయి. ఎలిహు తడుముకుంటూ వెళ్లి ఓ దిబ్బ దగ్గర ఆగి, టోపీ తీసి తల వంచాడు. పిల్లవాడిది అవతలి దిబ్బ. తబితా చూసింది. నోరు తెరవబోయి, మానుకుంది. వెళ్లి అతని పక్కనే, ఎవరిదో తెలియని ఆ మట్టి ముందు నిలబడింది.