నీటి లారీలో బాప్తిస్మం

పాత మిలిటరీ బండ్లంటే నాకు పిచ్చి. నేలమీద లారీలా, నీళ్లలో పడవలా నడిచే రెండో ప్రపంచయుద్ధం నాటి బండి ఒకటి కోట అనే ఊరి దగ్గర సముద్రపుటొడ్డున ఉందని ఎవరో చెప్పారు. ఆదివారం ఆరింటికల్లా నెల్లూరు బస్టాండులో ఉన్నాను.

బస్సులో పక్క సీటు పెద్దామె పేరు మరియమ్మ. ఒళ్లో కూతురు కుట్టించిన తెల్లబట్టలు. నేను వెళ్లే పల్లే ఆమెదీ.

"నువ్వు చూడబొయ్యే బండే మా చర్చి తొట్టి నాయనా. యాలంలో కొన్నోడు ఇసకలో వదిలేసి పోతే మావోళ్లు బాప్తిస్మాలకి పెట్టుకున్నారు. ఈ పొద్దు మా ఆయన దిగాల."

నీళ్లు లోపలికి రాకుండా చేసిన బండి, ఇప్పుడు నీళ్లు బయటికి పోకుండా కాస్తోందన్నమాట. నవ్వొచ్చింది. "ఈ వయసులోనా?" అన్నాను.

"నలభై ఏళ్లుగా అడగతానే ఉండా. బంగ్లాదేశ్ యుద్ధంలో ఆయన తోలింది ఇట్లాంటి బండే. ఏటి నడిమద్దెన అడుగు బిరడా ఊడి మునిగింది. ఈయన ఈదుకొచ్చినాడు, జతగాడు రాలా. అప్పట్నించి మోకాటి లోతు నీళ్లలో దిగడు. నాకు గుండె బాగలేదని ఇప్పటికి ఒప్పుకున్నాడు. దిగతాడో లేదో!"

ఎనిమిదిన్నరకు కోట. ఇడ్లీ, కారప్పొడి బాగున్నాయి. కాఫీ జోలికి పోకండి. అక్కణ్నుంచి రొయ్యల గుంటల మధ్య షేర్ ఆటో.

బండి చర్చి వెనక ఉంది. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి, ఇంజను ఎప్పుడో పోయింది. సరుకు వేసే చోట నడుముల దాకా నీళ్లు. మరియమ్మ భర్త దావీదు తెల్లబట్టల్లో నిచ్చెన దగ్గర నిలబడిపోయాడు. పాట రెండుసార్లు అయిపోయింది. వెనక్కి తిరుగుతాడనే అనుకున్నాను. నీళ్లలోంచి పాస్టరు గారు చెయ్యి చాపారు. దావీదు అది పట్టుకోకుండా వంగి, బండి అడుగున బిరడా బిగువు చూసి, అప్పుడు ఎక్కి నీళ్లలో దిగాడు. మునిగి లేచాడు. మరియమ్మ బావురుమంది. నా కళ్లూ తడిశాయి, దాచడమెందుకు.

అంతా అయ్యాక ఒకాయన బిరడా తీసి నీళ్లు వదలబోయాడు. తల తుడుచుకుంటున్న దావీదు "ఉండన్నా" అని ఆపి, మళ్లీ నిచ్చెనెక్కి నీళ్లలోకి తొంగిచూశాడు.

"అందరూ పైకొచ్చినారా?"

"వచ్చేసినారు దావీదూ" అన్నారు పాస్టరు గారు, మెల్లగా.

అప్పుడు తనే దిగివచ్చి బిరడా లాగాడు.

సాయంత్రం నాలుగింటికి తిరుగు బస్సు. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: బండిలో చూడ్డానికి తుప్పు తప్ప పెద్దగా ఏమీ లేదు. వెళ్తే ఆదివారమే వెళ్లండి. కోటలో కండక్టరు "అందరూ ఎక్కినారా?" అని అరిచి, జవాబు కోసం ఆగకుండానే రైట్ రైట్ అన్నాడు. నేను మాత్రం లేచి, వెనక సీట్ల దాకా చూసి కూర్చున్నాను.