ముందు పిళ్ళైయార్ సుళి, తర్వాతే జవాబు

కనకమ్మ సత్రం కూడలిలో దినకరన్నకు బ్యానర్ల కొట్టు ఉంది. అక్కడ ఫోటోలు కత్తిరించి అమర్చే పని నాది. అచ్చు మాత్రం తిరువళ్ళూరులో, గోపాలన్ ప్రెస్సులో. ఫైళ్ళు పంపడానికి దినకరన్న సొంతంగా ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. ఎవరు ఎంత తికమకగా మాట్లాడినా ఆయన సాంతం వింటాడు. ఆయన ప్రోగ్రాంకు మాత్రం ఆ ఓర్పు ఉండేది కాదు.

ఆ శుక్రవారం ధనమ్మక్క కొట్లోనే కూర్చుంది. మరునాడు ఆమె కూతురు మనీషకు చెవులు కుట్టించాలి. మేనమామ ఒడి లేకుండా ఆ వేడుక జరగదు. పోయినసారి గృహప్రవేశం బ్యానర్లో తన ఫోటో లేదని ఆమె తమ్ముడు ఎలుమలై వాకిట్లోంచే వెనక్కి తిరిగిపోయాడు. అందుకే ఈసారి ఆయన ఫోటో బిడ్డ ఫోటో కంటే పెద్దది.

దినకరన్న ఫైలు పంపబోయాడు. ప్రోగ్రాం టక్కున మూసుకుపోయింది. మళ్ళీ తెరిచినా అంతే.

"ఏందప్పా, మా తమ్మునికంటే ముందే నీ కంప్యూటర్ అలిగిందే!" అంది ధనమ్మక్క.

ప్రెస్సు సర్వర్ ఇచ్చే ప్రతి జవాబూ అంకెతో మొదలవ్వాలి. పని అయిందో లేదో ఆ అంకే చెబుతుంది. ఆ రోజు మాత్రం అంకెకు పైన పిళ్ళైయార్ సుళి వచ్చింది. మా వైపు పెళ్ళిపత్రిక మీదైనా, కిరాణా చీటీ మీదైనా ముందు చుట్టే వినాయకుడి గుర్తు అది. దాన్ని చదవలేకే ప్రోగ్రాం మూసుకుపోతోంది.

దినకరన్న ఫోన్ చేశాడు.

"కొత్త సర్వరప్పా! ఈ పొద్దే పూజ చేసినాను," అన్నాడు గోపాలన్. "సుళి లేకుండా జవాబిస్తే బాగుంటాదా?"

"ఒక్క గంట తీసేయన్నా."

"పిళ్ళైయార్‌నా? ముడియాదు, నా వల్ల కాదు. పెన్ డ్రైవ్ తెచ్చినా కుదరదు, సర్వర్లో పడిందే మిషన్‌కి పోతాది. సాయంత్రం లోపల పంపు."

దినకరన్న నవ్వి, ప్రోగ్రాం దిద్దడానికి కూర్చున్నాడు.

"ఏమొచ్చినా సరే అనుకొనేట్టు చేసెయ్యి నాయనా," అంది ధనమ్మక్క.

"అట్ల చేస్తే పోకపోయినా పోయిందనుకుంటాదక్కా. రేపు బ్యానర్లో మీ తమ్మునికి తల ఒక్కటే ఉంటాది!"

అర్థం కాని వరుసను పక్కన పెట్టి అంకె కోసం ఆగేలా మార్చాడు. అంకె రాకపోతే మూసుకుపోకుండా, అప్పటిదాకా వెళ్ళినది వెళ్ళినట్టే ఉంచి మళ్ళీ అడగాలి. చివర్లో రెండువైపులా ఫైలు పరిమాణం సరిపోతేనే చేరిందనాలి.

సగం పోయాక ఒక జవాబు మధ్యలోనే తెగింది. ధనమ్మక్క లేచి నిలబడింది. తెర మీద వచ్చిన మాట నేను మెల్లగా చదివి వినిపించాను: "జవాబు అర్థం కాలేదు. మీ ఫైలు భద్రం. మళ్ళీ అడుగుతున్నాను."

"అబ్బ, ఎంత మర్యాదో! మా ఇంట్లో ఎవరూ ఇట్ల మాట్లాడరే!"

కాసేపటికి 'చేరింది' అని వచ్చింది.

మరునాడు ఎలుమలై బ్యానర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ధనమ్మక్క గడప దాటి వచ్చింది.

"ఏమక్కా, మీసం కొంచెం సన్నంగా పెట్టినారే!"

"మీసం తర్వాత చూద్దువులే, లోపలికి రారా!"

ఆయన పంచె సర్దుకుని పీట మీద కూర్చుని, మనీష కోసం రెండు చేతులూ చాచాడు.