వాడిపట్టి పాఠకుడు

కోయంబత్తూరులో నేను చేసే ఉద్యోగం ఏమిటని బంధువులు అడిగితే "కంప్యూటర్ పని" అని తప్పించుకుంటాను. నిజం చెబితే పిల్లనిచ్చినవాళ్లు కూడా అనుమానంగా చూస్తారు. మోటారు పంపులు అమ్మే కంపెనీల వెబ్‌సైట్లలో నేను కొన్ని వరుసల కోడ్ పెడతాను. ఎవరైనా పేజీ తెరవగానే అది వాళ్ల ఫోనులో ఒక గుర్తు చీటీ దాస్తుంది. దాన్నే కుకీ అంటారు. ఆ తర్వాత వాళ్లు ఎంతసేపు ఉన్నారో, పేజీని ఎంత కిందికి జరిపారో, మళ్లీ ఎప్పుడు వచ్చారో అన్నీ నాకు చేరవేస్తుంది. పేరు మాత్రం చెప్పదు. ఊరు చెబుతుంది గానీ అదీ అంచనానే. మదురైలో కూర్చున్నవాణ్ణి చెన్నైలో చూపించిన రోజులున్నాయి.

"పేజీ తెరిచి ఉన్నంత మాత్రాన చదివినట్టు కాదండీ" అని పంపుల వాళ్లకు పాఠం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను.

అలాంటి నేను అమ్మ గురించి రాశాను. మా మదురై వైపు తెలుగు ఇళ్లలో మాట తెలుగు, చదువు తమిళం. అమ్మ పోయాక, ముప్పై దాటిన వయసులో, పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నవాడు ఊరుకుంటాడా? సొంతంగా వెబ్‌సైటు పెట్టి, అమ్మ మీద పొడవాటి వ్యాసం రాసి, పైన ఆమె ఫొటో పెట్టాను. ఫొటో తీయొద్దంటూ చెయ్యి అడ్డం పెట్టబోతూ నవ్వేసిన ఫొటో అది. అలవాటు కొద్దీ నా కోడూ పెట్టాను. తెలిసినవాళ్లందరికీ లింకు పంపాను.

ఎవరూ రాలేదు. వచ్చిన కొద్దిమందిలో సగం నేనే. ఇంటి ఫోను నుంచి ఒకణ్ణి, ఆఫీసు కంప్యూటరు నుంచి ఇంకొకణ్ణి. నాతో పాటు ఇంకెవరైనా అమ్మను తలుచుకోవాలని ఆశపడ్డాను. అది జరగక దిగులుగా ఉండేది.

అప్పుడు మదురై దగ్గరి వాడిపట్టి నుంచి ఒకరు రావడం మొదలైంది. రోజూ మధ్యాహ్నం, చాలాసేపు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఒక్కటే వింత. ఆ పాఠకుడు పేజీని అసలు కిందికి జరపడు. ఇంకొకరి సైటయితే, ఫోను వదిలేసి నిద్రపోయారని తేల్చేసేవాణ్ణి. నాది కాబట్టి, మొదటి వాక్యం అందానికే మైమరచి ముందుకు పోలేకపోతున్నాడని తీర్మానించాను. రిటైరైన తెలుగు పండితుణ్ణి ఊహించుకుని, ఆయనకు కండువా కూడా కప్పాను.

మా అక్క ఉండేది వాడిపట్టిలోనే. ఆమెను చూసే వంకతో పండితుణ్ణి వెతుకుదామని బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి అక్క నడవలో కూర్చుని మల్లెపూలు కడుతోంది. ఎదురుగా చెంబుకు ఆనించిన ఫోను. దాని మీద నా పేజీ.

"అక్కా, రోజూ చూసేది నువ్వా?"

"నేనుదా. అమ్మని చూస్తా పూలు కడతా ఉంటాను. మా ఇంట్లో ఉండిన ఫొటోని చెద తినేసెనే."

"మరి కింద ఉండేది?"

"నాకు తెలుగు చదవను యాడ వస్తాదిరా తంబీ? కిందికి తోస్తే అమ్మ పోతాది. అందుకే తొయ్యను. మొదట్లో ఏమో అడిగె, పచ్చగా ఉండె, నొక్కేసినాను."

ఆ పచ్చ బొత్తాం పైన ఉన్నది, కుకీ దాచడానికి అనుమతి కోరుతూ నేను చెక్కిన తెలుగు వాక్యం. అందరితో పాటు అక్కకూ లింకు పంపాను గానీ, ఆమెకు తెలుగు చదవడం రాదు కదా అని లెక్కలోకే తీసుకోలేదు. నాకు సిగ్గేసింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"సరి, ఏమి రాసినావో నువ్వే చదువు" అంది.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రెండో వాక్యానికే ఆపేసింది.

"ఇది ఏ ఊరి మాటరా? మనింట్లో మాట్లాడేటట్ల చెప్పు."

నా పొడవాటి వ్యాసాన్ని ఇంటి మాటల్లోకి దించుతూ, అక్క ఫోనులోనే పేజీని వేలితో జరుపుతూ పోయాను. రెండుచోట్ల అమ్మ అట్ల అనదని గదమాయించింది. ఒకచోట పూలు పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు ఆఫీసులో లెక్క తెరిచాను. వాడిపట్టి పాఠకుడు మొట్టమొదటిసారి పేజీ చివరిదాకా వెళ్లాడని ఉంది. ఆ వేలు నాది.

మధ్యాహ్నం మళ్లీ చూశాను. వాడిపట్టి వచ్చింది. కిందికి జరపలేదు. పంపుల వాళ్ల పని పక్కన పెట్టి, నేనూ ఆ పేజీ తెరిచి, జరపకుండా కూర్చున్నాను.