తాత సాన పట్టిన రాళ్ళు

రాతియుగం మనిషి తన కత్తి మొద్దుబారితే సరాసరి మా తాత దగ్గరికే వచ్చేవాడు. కాస్త ముందు పుట్టేశాడు కాబట్టి ఆ అదృష్టం దక్కలేదు, పాపం. మా తాత పట్టే సాన అలాంటిది. ఆయన పదును పెట్టిన కత్తెర గుడ్డని కోయనక్కర్లేదు, గుడ్డే భయపడి విడిపోతుంది.

తొక్కుడు చక్రం ఉన్న బండి తోసుకుంటూ "కత్తులూ, కత్తెరలూ!" అని వీధివీధీ తిరగడం ఆయన పని. పని లేని రోజు మాత్రం ఊరి చివర వాగులో ఉంటాడు. వాన వెలిసి నీళ్ళు తగ్గాక, ఒడ్డు తెగిన చోట నడుం వంచి వెతుకుతాడు. మామూలు గులకరాయి అన్ని వైపులా నున్నగా ఉంటుంది. మనిషి చెక్కిన రాయికి ఓ పక్క పెచ్చులు లేచి ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే బొటనవేలు తనంతట తానే ఓ గుంటలో కుదురుకుంటుంది. అలా వేలు కుదిరిన ప్రతి రాయీ తాత జేబులోకే. జేబులు చిరిగేవి, అమ్మమ్మ కుట్టేది.

"ఏమండీ, తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. దానికి అడ్డం పెట్టే రాయి ఒక్కటీ దొరకదేం మీకు?"

"ఇవి రాళ్ళు కావే వెర్రిదానా, పనిముట్లు! వేల ఏళ్ళ నాటివి."

"అయితే పని చెయ్యమనండి."

ఆ మాట పట్టుకున్నాడో, చెయ్యే ఊరుకోలేదో తెలీదు. మొద్దు అంచు కనిపిస్తే ఆయనకి పంట్లో పీచు ఇరుక్కున్నట్టే. ఇంటికి తెచ్చిన ప్రతి రాయినీ నీళ్ళు చల్లుతూ చక్రం మీద నూరాడు. అంచు మెరిశాక కిటికీ గూట్లో పేర్చాడు. ఏళ్ళ తరబడి అదే పని.

ఇంతలో వాగుకి సిమెంటు పోసి కాలువ చేస్తున్నారని తెలిసింది. తాతకి దిగులు పట్టుకుంది. వాగు ఎలాగూ దక్కదు, ఒకప్పుడు ఆ ఒడ్డున మనుషులు బతికారని చెప్పడానికి తన రాయి ఒక్కటైనా మ్యూజియంలో ఉండాలి. కబురు పెడితే మ్యూజియం మేడం ఇంటికే వచ్చింది. తాత ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రాళ్ళన్నీ తువ్వాలు మీద పరిచి, పరీక్ష రాసిన పిల్లాడిలా పక్కన నిలబడ్డాడు.

ఆవిడ ఒక రాయి తీసింది. వేలు చక్కగా కుదిరింది. మొహం వెలిగిపోయింది. తిప్పి అంచు చూసింది. ఇంకోటి తీసింది, ఇంకోటి.

"తాతగారూ, ఈ అంచులు..."

"చూశావామ్మా? వెంట్రుక పెడితే తెగుతుంది!"

"మీరే సాన పట్టారా?"

"ఈ ఊళ్ళో ఇంకెవరు పడతారు?"

ఆవిడ కోప్పడినా బాగుండేది. మెల్లగా చెప్పింది. ఆ కాలం మనిషి రాయిని ఎలా చెక్కాడో, దాంతో తోలు గీకాడో ఎముక కోశాడో, అదంతా అంచు మీదే ఉంటుందట. ఇప్పుడు అక్కడ ఉన్నవి తాత చక్రం గీతలు.

"రాయి పాతదేనండీ. అంచు మీది. నేను తీసుకెళ్ళలేను. సాన పట్టనిది ఒక్కటైనా ఉందా?"

తాత గూడంతా తడిమాడు. మంచం కింద చూశాడు. పాత చొక్కాల జేబుల్లో వేళ్ళు పెట్టి చూశాడు. అంతటి పనిమంతుడు ఒక్కటైనా మిగిలిస్తాడా!

మర్నాడు బండి తియ్యకుండా వాగుకి పోయాడు. ఒడ్డు పొడుగునా రేకులు పాతేశారు. సందులోంచి చూస్తే లోపలంతా తడి సిమెంటు. కాపలావాడు అడ్డం వచ్చాడు.

"ఏం పోయింది పెద్దాయనా?"

"రాయి."

వాడు నవ్వి కంకర కుప్ప చూపించాడు. "ఎన్ని కావాలో పట్టుకుపో!"

తాత నిజంగానే వంగి ఒకటి తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బొటనవేలు ఎక్కడా కుదరలేదు. జాగ్రత్తగా మళ్ళీ కుప్ప మీదే పెట్టి వచ్చేశాడు.

ఇంట్లో అమ్మమ్మ సూదిలో దారం ఎక్కించి, "చొక్కా ఇలా ఇవ్వండి, జేబు కుడతాను" అంది.

"చిరగలేదు" అన్నాడు.

ఆ తర్వాత తలుపు కొట్టుకున్నా అమ్మమ్మ రాయి మాట ఎత్తలేదు.

ఇదంతా రాసి తాతకి చదివి వినిపించాను. చివరిదాకా కదలకుండా విన్నాడు.

"అక్కడక్కడ ఎగుడుదిగుడుగా వచ్చింది తాతా. కూర్చుని నున్నగా దిద్దెయ్యనా?"

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా" అన్నాడు.