పళ్ళు లేని బాబాయి దంత సలహాలు

బాబాయి నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు. అయినా తెల్లారితే చాలు, తనుండే భవనంలో అందరి పళ్ళ బాధ్యతా ఆయనదే. వాట్సాప్ గ్రూపులో రోజూ ఒక దంత సలహా పడాల్సిందే.

ఒకప్పుడు దర్జీ. సలహాల్లోనూ ఆ వాసన పోలేదు. "కదిలే పన్నును పట్టుదారంతో పక్కపన్నుకు బిగించి ముడి వేయండి. వారంలో అతుక్కుంటుంది." ఇంకోరోజు, "పళ్ళు తెల్లబడాలా? బట్టల సబ్బుతో రుద్దండి. ఎక్కడున్నా మరక మరకే."

పై అంతస్తులో డాక్టరమ్మ ఒక్కతే ఉండేది. పళ్ళ డాక్టరు. బతుకంతా జనం చేత నోళ్ళు తెరిపించింది. క్లినిక్ మూసేశాక తను నోరు తెరవడానికి ఎవరూ మిగల్లేదు. ఒక కుర్చీ, ఒక కప్పు, ఒక కిటికీ. కుక్కర్ కూత తప్ప ఆ ఇంట్లో మరో గొంతు లేదు.

బాబాయి సలహా చూస్తే మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. "తప్పు. ఎవరూ చేయకండి," అని మొదలుపెట్టి, చిగుళ్ళ దగ్గర్నుంచి విప్పి చెప్పేది. ఆ పూటకి ఇల్లు కాస్త వెచ్చబడేది.

మెట్ల మీద ఎదురైతే అడిగేది. "బాబాయిగారూ, మీవి ఊడాయి సరే, మావీ ఊడగొడతారా?"

"అనుభవంతో చెబుతున్నానమ్మా. ఇవన్నీ చేశాకే నాకు పంటినొప్పి పోయింది."

"పళ్ళతో సహా!"

గ్రూపు నడిపే లెక్కల మాస్టారు విసిగిపోయాడు. "తీసేద్దామా డాక్టరమ్మా ఈయన్ని?"

"ఉండనివ్వండి. నేను చూసుకుంటాగా," అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియలేదు.

ఒకరోజు ఆమెకు జ్వరం. మంచం దిగలేదు, ఫోను ముట్టలేదు. కాస్త పొద్దెక్కేసరికి తలుపు దడదడలాడింది. తీస్తే బాబాయి. రొప్పుతున్నాడు. కట్టుడు పళ్ళు పెట్టుకోవడం మరిచాడు. బుగ్గలు లోపలికి పోయి, మాటకన్నా గాలే ఎక్కువ వస్తోంది.

"మీరు ఇవాళ తిట్టలేదు," అన్నాడు.

"ఎవరో పంపిన చెత్తంతా మా మీద పోస్తే, రోజూ నేనే..."

"ఎవరూ పంపలేదమ్మా. నేనే అల్లుతాను. మొదట్లో మంచిదే పెట్టాను, పడుకునే ముందు కూడా తోముకోమని. మీరు పలకలేదు. తప్పు పెడితే పలికారు. పలికితే పైన క్షేమమని తెలుస్తుంది కదా!"

"నిజమనుకుని ఎవరైనా చేస్తే?"

"మీరు తప్పన్నాక ఎవరు చేస్తారు? ఇవాళ మీరు అనలేదు. అందుకే ఇవాళ్టి సలహా గ్రూపులోంచి తీసేసి వచ్చాను."

ఆమె తలుపు బార్లా తీసి పక్కకు తప్పుకుంది. తర్వాత ఉన్న ఒక్క కుర్చీ ఆయన ముందుకు జరిపి, తను మంచం అంచున కూర్చుంది.

జ్వరం తగ్గిన పొద్దున గ్రూపులో సలహా పడింది. "జ్వరం వచ్చి లేచినవాళ్ళు నెలపాటు పళ్ళు తోమనక్కర్లేదు."

"తప్పు. ఎవరూ చేయకండి," అని రాసింది డాక్టరమ్మ. కాస్త ఆగి, కింద ఇంకో మాట చేర్చింది.

"బాబాయిగారూ, టీకి రండి. పళ్ళు పెట్టుకుని రండి."